తీతువు నడిచిన గోడ

మెల్‌బోర్న్‌కి పడమట, ట్రుగనైనాలో
చెట్టు తక్కువ, గాలి ఎక్కువ.
గడ్డపార వేస్తే మట్టికంటే ముందు నల్లరాయి పలుకుతుంది.
అక్కడ ఫ్రిజ్‌లు దాచడానికో గోదాము కడుతున్నారు.
నా పని చిన్నది.
కాంక్రీటు సిలిండర్లని మిషన్లో నొక్కి
ఎక్కడ పగిలాయో చూసి
ఒక అంకె చెప్పాలి.

మొదటిరోజు, గోడలెక్కడని అడిగాను.
"నువ్వు తొక్కుతున్నది గోడనే"
అన్నాడు జ్వోంకో, పళ్ల మధ్య మేకు తియ్యకుండా.

ఇక్కడ గోడలు పడుకుని పుడతాయి.
ముందు నేల పోస్తారు.
ఆ నేలమీదే చెక్కలతో అంచు కట్టి,
పెనానికి ఉల్లిపాయ చెక్కతో నూనె రాసినట్టు
అంటుకోకుండా మందు కొట్టి,
ఇనప వల పరిచి, పోస్తారు.
తలుపు రావలసిన చోట ఖాళీ పెట్టె.
కిటికీ ముందు పుడుతుంది,
వెలుతురు వారం తర్వాత.

గోడలకి చెవులుంటాయని మనం గుసగుసలాడుకుంటాం.
వీటికి నిజంగానే ఉన్నాయి,
ఒక్కోదానికి ఎనిమిది, ఉక్కువి.
బడికెళ్లనని మొండికేసిన పిల్లాణ్ణి లేపినట్టు
ఆ చెవులు పట్టుకునే లేపుతారు.

చవకంటాడు యజమాని.
అంటుకోదంటాడు బీమావాడు.
పదకొండు వారాల్లో తాళంచెవి అని కాగితం మీద ఉంది.
తవీతా ఇవేవీ అనడు.
పరంజా మీంచి పడ్డవాళ్ల పేర్లు అతనికి మూడు తెలుసు,
మూడోది చెప్పేటప్పుడు టోపీ సర్దుకుంటాడు.
"ఇక్కడ జారితే గోడమీదే పడతాం,
జానెడెత్తు నుంచి."

పద్నాలుగో పలక మీద రాత్రి ఏదో నడిచింది.
పొద్దున్నకి మూడేసి వేళ్ల అడుగులు
ఈ కొస నుంచి ఆ కొసకి, గట్టిపడిపోయి.
జ్వోంకో తన భాషలో తిట్టాడు, తాపీ విసిరేశాడు.
కంకర కుప్ప దగ్గర తీతువు,
పసుపు ముసుగు తొడుక్కుని,
గుడ్లమీద కూర్చుని మమ్మల్నే తిడుతోంది.

మావైపు అది కూస్తే కీడంటారు.
ఆ మాట చెప్పలేదు.
ఆకాశం మీద పడకుండా కాళ్లు పైకెత్తి పడుకుంటుందనీ అంటారు.
ఆ మాట చెప్పాను.
"అయితే దానికీ ఒక హెల్మెట్టివ్వండి" అన్నాడు.
అడుగులు చెరపలేదు.

ఏడోరోజు క్రేన్ వచ్చింది, గంటకింతని మీటరు తిరుగుతూ.
ఇరవై అయిదు కావాలి.
నా సిలిండరు ఇరవై మూడు దగ్గర పగిలింది.
అందరూ నా నోటివైపు చూశారు.
రెండే కదా అన్నాడెవరో.
ఇరవై మూడు, అన్నాను మళ్లీ.
మోరీన్ ఇంజను ఆపేసి శాండ్‌విచ్ పొట్లం విప్పుకుంది.
ఆ చప్పుడుకి నా మోకాళ్లు నిలబడ్డాయి.

రెండ్రోజుల తర్వాత అంకె వచ్చింది, గాలీ వచ్చింది.
ఇంకో రోజు పోయింది.

లేపే పూట ఎవరూ నవ్వరు.
గొలుసులు బిగిసాయి. ఏమీ కాలేదు.
ఇంకా ఏమీ కాలేదు.
అప్పుడు అట్టు పెనం వదిలే చప్పుడు,
ముప్పై రెండు టన్నుల అట్టు.
అంచుకింద కత్తివాదరంత వెలుగు,
ఆ తర్వాత మనిషి పట్టేంత,
ఆ తర్వాత గోడ.

ఎండ తెగి నామీద నీడ పడింది.
నిమిషం కిందట ఆ చోట నీడ లేదు.
నేలమీద దాని ఆకారం మిగిలింది,
ఎవరో ఇప్పుడే లేచెళ్లిన పక్కలా.
తవీతా వాళ్లు ఉక్కు ఊతలు ఏటవాలుగా బిగించారు.
పైకప్పు పడేదాకా దాని కాళ్లు అవే.

తలెత్తి చూశాను.
తీతువు అడుగులు నిట్టనిలువుగా ఎక్కుతున్నాయి,
ఒకటి పక్కన ఒకటి, తొందరేమీ లేకుండా.
పైఅంచుకి ఇంకా మూరెడుండగా ఆగిపోయాయి.
అక్కడ ఎగిరి ఉంటుంది.

"పదిహేను!" అని అరిచాడు జ్వోంకో.